నంద్యాల 36 సెంటీమీటర్లు జరిగింది

మొన్న నంద్యాలలో ఆళ్ళగడ్డ బస్సెక్కి, ఊసుపోక ఫోన్లో అక్షాంశ రేఖాంశాలు చూస్తూ కూర్చున్నాను. నలభై కిలోమీటర్ల దారి. అక్షాంశం 15.48 నుంచి 15.13కి దిగింది. రేఖాంశం మాత్రం 78.5 దగ్గరే కాస్త అటూ ఇటూ ఊగుతూ ఉండిపోయింది. అంటే బస్సు దాదాపు నిట్టనిలువుగా దక్షిణానికి పోతోందన్నమాట.

ఊరికే ఉండలేక ల్యాప్‌టాప్ తెరిచి ఆ అంకెల్ని జావాలో పెట్టి చూశాను. నంద్యాలని 15.48, 78.48 అనుకుందాం. 32 బిట్ల ఫ్లోట్‌లో పెడితే లోపల నిజంగా ఉండేది 15.4799995, 78.4800034. నేల మీద లెక్కేస్తే ఊరు సుమారు 36 సెంటీమీటర్లు తూర్పుకీ, 5 సెంటీమీటర్లు దక్షిణానికీ జరిగింది. ఎవడూ గడ్డపార పట్టకుండానే!

ఎందుకంటే ఫ్లోట్‌లో పనికొచ్చే బిట్లు 24. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ మెట్ల మధ్య దూరం పెరుగుతుంది. 64కీ 128కీ మధ్య ఒక్కో మెట్టు 2 పవర్ మైనస్ 17 డిగ్రీలు. మన రేఖాంశాలన్నీ ఇందులోనే పడతాయి. నంద్యాల దగ్గర ఆ మెట్టు 82 సెంటీమీటర్లు. అక్షాంశం 8కీ 16కీ మధ్య ఉంది కాబట్టి అక్కడ మెట్టు పదిన్నర సెంటీమీటర్లే. 16 దాటిందా, రెట్టింపై 21 అవుతుంది. అంటే నంద్యాల రైతుకి దొరికే ఖచ్చితత్వం విజయవాడ రైతుకి దొరకదు. సీమకి అన్యాయం జరగని విషయం ఒకటి దొరికింది మొత్తానికి :-)

నవ్వుకోడానికి బాగానే ఉంది గానీ, లెక్క పూర్తిచేద్దాం. దగ్గరి మెట్టుకి సర్దడంలో తూర్పు పడమరలుగా వచ్చే పొరపాటు గరిష్ఠంగా సగం మెట్టు, అంటే 41 సెంటీమీటర్లు. ఉత్తర దక్షిణాలుగా వంద మీటర్ల గట్టు అంతే జరిగితే 41 చదరపు మీటర్లు తేడా. సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు. ఒక గట్టుకి ఒక సెంటు పోయినట్టే. సెంటు భూమి కోసం కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటాయి.

ఇదే పనిని మనకంటే ముందు చేసినవాళ్ళు ఏం చేశారో చూద్దాం. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ బేస్‌లైన్ కొలిచి త్రికోణాల సర్వే మొదలుపెట్టాడు. దాని వెన్నెముక 78 డిగ్రీల రేఖాంశానికి దగ్గర్లోనే ఉత్తరానికి సాగింది. 1811లో మన పక్కనే గుత్తిలో ఇంకో బేస్‌లైన్ కొలిచారు. ఇది దేశం మొత్తానికి అక్షాంశ రేఖాంశాల చట్రం. కానీ చేల దగ్గరికొచ్చేసరికి ఎవరూ డిగ్రీలు వాడలేదు.

1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకి ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కాలంలో చేలని 33 అడుగుల గొలుసుతో కొలిచారు. 33 చదరం అంటే 1089 చదరపు అడుగులు, అదే గుంట. నలభై గుంటలు ఎకరం. (నంద్యాల అప్పటికింకా కర్నూలు నవాబు కింద ఉండేది. కంపెనీ చేతికొచ్చింది 1839లో.) 1858లో మొదలైన మద్రాసు రెవెన్యూ సర్వే వాడింది మాత్రం గంటర్ గొలుసు.

ఈ గంటర్ గొలుసు గురించి కాస్త ఎక్కువే చెప్తాను, నాకు చాలా నచ్చింది. ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషాయన 1620లో తయారుచేశాడు. పొడవు 66 అడుగులు, అంటే 22 గజాలు, అచ్చంగా క్రికెట్ పిచ్ అంత. అందులో వంద లింకులు. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. అంటే పొడవు వెడల్పుల్ని లింకుల్లో గుణించి, కుడివైపు మూడంకెలు కొట్టేస్తే సెంట్లు వచ్చేస్తాయి. అంతా పూర్ణాంకాలే. మన భాషలో చెప్పాలంటే ఫిక్స్‌డ్ పాయింట్.

ఇంకో తెలివి ఏంటంటే, మూలబిందువు ఎక్కడో భూమధ్యరేఖ మీద పెట్టుకోలేదు. ఎఫ్ఎంబీ పటం చూశారా ఎప్పుడైనా? చేను మధ్యగా ఒక గీత, దాని మీద ఇన్ని లింకులు నడిచాక, లంబంగా ఎడమకో కుడికో ఇన్ని లింకులు వెళ్తే ఫలానా మూల. ఒక్కో చేనుకి దాని సొంత ఎక్స్, వై అన్నమాట. సంఖ్యలు చిన్నవి, పొరపాటు జరిగినా ఆ చేను దాటి పోదు.

ఇక మన వైపుకొద్దాం. 1980లో ఇంటెల్ 8087 వచ్చింది. విలియం కహాన్ పూనికతో 1985లో ఐఈఈఈ 754 ప్రమాణం వచ్చింది. గొప్ప పనే, కాదనను. కానీ ఆ తర్వాత బిందువు అంటే రెండు ఫ్లోట్లు అని ఫిక్సయిపోయాం. జావా 1.2లో పాయింట్2డి.ఫ్లోట్, పాయింట్2డి.డబుల్ అని రెండూ ఇచ్చారు. క్యూటీలో క్యూపాయింట్‌ఎఫ్, ఆండ్రాయిడ్‌లో పాయింట్‌ఎఫ్. స్క్రీన్ మీద బొమ్మ గీయడానికి ఇవి చాలు. చేను గీయడానికి?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన ఘనకార్యం ఒకటుంది. మెమరీ సగం మిగుల్తుందని ఒక టేబుల్లో ఫ్లోట్ పెట్టాను. ఇంకొకరు రాసిన టేబుల్లో డబుల్ ఉంది. పక్కపక్క చేలేనా అని అడిగితే ప్రోగ్రాం కాదంది. మూల రాయి ఒక్కటే, కానీ ఈక్వల్స్ ఒప్పుకోదు. ఫ్లోట్‌లోని 78.48, డబుల్‌లోని 78.48 సమానం కావు మరి.

అన్నిటికీ డబుల్ పెట్టాను. డబుల్‌లో మెట్టు నేల మీద ఒకటిన్నర నానోమీటర్లు, ఇంకేం కావాలి అనుకున్నాను. అయినా సందులు పోలేదు. ఎందుకో తెలియడానికి వారం పట్టింది. రెండు మూలల మధ్య ఒక తిన్నని గట్టు. అవతలి వైపు రెండు చేలు కలిసే మూల సరిగ్గా ఆ గట్టు మీద పడాలి. కానీ ఆ మూలని సర్దిన మెట్టు గీత మీద ఉండదు, వెంట్రుకలో వెయ్యోవంతు పక్కన ఉంటుంది. ప్రోగ్రాం దృష్టిలో అది ఎవరిదీ కాని భూమి, లేదా ఇద్దరిదీ అయిన భూమి. డబుల్ ఆ సందుని చిన్నది చేస్తుంది, పూడ్చదు.

పూడ్చేది ఏంటంటే ఆ మూలని గట్టు గీతలోనూ ఒక బిందువుగా చేర్చడం, దాన్ని ఒక్కసారే దాచుకుని మూడు చేలూ దానివైపే వేలు చూపించడం. పైగా బిందువులన్నీ ముందే ఒప్పుకున్న గళ్ళ మీద మాత్రమే కూర్చోవాలి. జేటీఎస్ లైబ్రరీలో ప్రెసిషన్ మోడల్ అని ఉంటుంది, అందులో ఫిక్స్‌డ్ అనే ఎంపిక ఇందుకే. అది చదివినప్పుడు నాకు గంటర్ గొలుసు గుర్తుకు రాలేదు, సిగ్గుగా ఉంది చెప్పడానికి.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, 2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా తక్కెళ్ళపాడులో రాష్ట్రవ్యాప్త రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు, సెంటీమీటర్ల ఖచ్చితత్వం. లింకుల పటాల స్థానంలో అక్షాంశ రేఖాంశాలొచ్చాయి. విస్తీర్ణాల్లో తేడాలొచ్చాయని గొడవలూ అయ్యాయి. వాటికి కారణం ఫ్లోట్ అని నేను అనట్లేదు. పాత కొలతల్లో తేడాలు, జరిగిన గట్లు, ఉమ్మడిగా ఇచ్చిన పటాలు, చాలా ఉన్నాయి. కానీ గుత్తి బేస్‌లైన్ కాలం నుంచీ చట్రం ఒకటి, చేను కొలత ఒకటిగా ఉండేవి. ఇప్పుడు రెండూ ఒకటైపోయాయి. ఒక కాలమ్ టైపు ఎంచుకునే కుర్రాడు అప్పటి సర్వేయరు పని చేస్తున్నాడు, ఆ సంగతి వాడికి తెలీదు. నాకు తెలీలేదు కదా.

ఆళ్ళగడ్డలో దిగాక మా పెద్దనాయనకి ఈ 36 సెంటీమీటర్ల కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అదంతా సరే గానీ అబ్బీ, రాయి యాడుందో చూసినావా?" అన్నాడు.

చూడలేదు. పాత పటం జిరాక్సు పట్టుకుని సాయంత్రం చేనికి పోయాం. పక్క చేనాయన కూడా వచ్చాడు. తూర్పు గట్టుకి పటంలో 312 లింకులుంది, అంటే 62.76 మీటర్లు. టేపు ఆయన ఒక కొసన పట్టుకున్నాడు, నేనొక కొసన. 62 దాటాక కంపచెట్టు అడ్డమొచ్చింది. పెద్దనాయన కట్టెతో కంప పక్కకి లాగితే మట్టిలో సగం కూరుకుపోయి రాయి కనిపించింది. టేపులో 62.8.

పక్క చేనాయన దాని చుట్టూ మట్టి తీసి, సున్నం ఉందా అని అడిగాడు.