ఇలియడ్: శత్రువు శోకానికీ చోటిచ్చిన మహాకావ్యం

ప్రాచీన గ్రీకు మహాకావ్యమైన ‘ఇలియడ్’ హోమర్ రచనగా ప్రసిద్ధి పొందినది. క్రీ.పూ. 8వ శతాబ్ది ప్రాంతమున రూపుదిద్దుకున్నదని పండితులలో అధికుల అభిప్రాయం. ఇందు 24 సర్గలు, 15,600కు పైగా పాదాలు కలవు.

ఇతివృత్తం: ట్రాయ్ నగరంపై గ్రీకులు సాగించిన పదేళ్ల యుద్ధంలో చివరి ఏటి కొన్ని వారాల కథ ఇది. సేనాధిపతి అగమెమ్నాన్ చేసిన అవమానానికి కినిసి, వీరుడైన అకిలీజ్ రణరంగాన్ని వీడుతాడు. ప్రాణమిత్రుడు పట్రోక్లస్ ట్రాయ్ రాకుమారుడైన హెక్టర్ చేతిలో మరణించగా, తిరిగివచ్చి హెక్టర్‌ను వధిస్తాడు. వృద్ధరాజు ప్రియాం రాత్రివేళ శత్రుశిబిరానికి వెళ్లి, కుమారుని చంపిన చేతులనే ముద్దాడి, మృతదేహాన్ని ఇమ్మని వేడుకొంటాడు. స్వంత తండ్రి గుర్తుకు వచ్చి అకిలీజ్ సైతం విలపిస్తాడు. గ్రీకు కవి చెప్పిన ఈ కథ గ్రీకుల విజయంతో కాక, శత్రువీరుడైన హెక్టర్ అంత్యక్రియలతో ముగియడం విశేషం.

వ్యాప్తి: గాయకుల నోట పెరిగిన ఈ గాథను ఏథెన్స్ ఉత్సవాలలో గానం చేసేవారు. రోమన్ కవి వర్జిల్ ‘ఈనీడ్’కు హోమర్ కావ్యాలే ఒరవడి. 1488లో ఫ్లారెన్స్‌లో హోమర్ కావ్యాలు తొలిసారి అచ్చయినవి. అలెగ్జాండర్ పోప్ ఆంగ్లానువాదం 1715-20 మధ్య వెలువడినది. కావ్యాన్ని నమ్మి 1870వ దశకంలో ష్లీమన్ తవ్వకాలు జరిపిన టర్కీలోని హిసార్లిక్ దిబ్బ, ట్రాయ్ స్థలంగా 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది.

భారతీయ సాహిత్యంలో: వంగకవి మైకేల్ మధుసూదన దత్తు 1848 నుండి 1856 వరకు మద్రాసులో నివసించారు. అక్కడ అధ్యాపకత్వం చేస్తూనే గ్రీకుతో పాటు తెలుగు, సంస్కృతాలను అభ్యసించారు. 1861 నాటి ఆయన ‘మేఘనాదవధ కావ్యం’లో కథ రామాయణానిదే అయినా, హోమర్ ప్రభావం స్పష్టం. హెక్టర్ వలెనే ఇంద్రజిత్తు స్వదేశ రక్షకుడు. ప్రియాం వలెనే రావణుడు పుత్రశోకార్తుడు. ఆ కావ్యమూ ఇంద్రజిత్తు అంత్యక్రియలతోనే ముగుస్తుంది.

నేటి కాలంలో: వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులకు చికిత్స చేసిన అమెరికన్ మనోవైద్యుడు జోనథన్ షే, వారి మానసిక గాయాలను అకిలీజ్ క్రోధశోకాలతో పోల్చి 1994లో గ్రంథం రచించారు. నాయకుని అన్యాయం, మిత్రుని మరణం యోధుని మనసును ఎట్లు ఛిద్రం చేయునో హోమర్ ఏనాడో చెప్పినాడని అందు వివరించారు.