నీళ్ళ చరిత్రలు - 9: మినమాత బురద ఎక్కడికి పోయింది?



పోయిన వారం మహద్ చవదార్ చెరువు గురించి రాశాను. 1927 మార్చి 20న బాబాసాహెబ్, ఆయన వెంట వేలమంది ఆ చెరువు నీళ్ళు తాగారు. చెరువు మైలపడిందని ఊరి సవర్ణులు 108 కుండల్లో పాలు, పెరుగు, ఆవు పేడ, ఆవు పంచితం నింపి, మంత్రాలు చదువుతూ చెరువులో ముంచి దానికి 'శుద్ధి' అని పేరు పెట్టారు. మా క్లాసులో ఈ విషయం చెప్తుంటే, సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చే సెకండియర్ కుర్రాడు లేచి అడిగాడు: "మేడమ్, చెరువంటే కుండలు ముంచారు. సముద్రానికి నిజంగానే విషం పడితే ఎవరు కడుగుతారు? ఎట్లా కడుగుతారు?"

నేను చదువుకున్నది తెలుగు సాహిత్యం. పీపీఎంలూ డ్రెడ్జర్లూ నా సబ్జెక్టు కాదు. కానీ ఆ ప్రశ్నతో మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ మున్సిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికురాలు. వానాకాలం ముందు మురిక్కాలవల్లో పూడిక తీసేవాళ్ళు. తీసిన పూడికను ట్రాక్టర్‌కెత్తి మా పేట చివర ఖాళీ జాగాలో పోసేవాళ్ళు. మెయిన్ రోడ్డు శుభ్రంగా ఉండేది. మొదటి వానకే ఆ పూడికంతా మా వీధిలోకి వచ్చేది. అందుకే 'శుభ్రం చేశాం' అని ఎవరన్నా చెప్తే నా నోటికి ముందొచ్చే ప్రశ్న ఒకటే: తీసింది ఎక్కడ పోశారు?

ఆ ప్రశ్న పట్టుకుని ఈ నెల రోజులూ మినమాత గురించి చదివాను. జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలో, కుమమోతో రాష్ట్రంలో షిరనుయి సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పట్నం అది. మినమాత వ్యాధి గురించి పర్యావరణం పాఠంలో ఒక పేరా మనమందరం చదివాం. ఫ్యాక్టరీ పాదరసం వదిలింది, చేపల్లోకి చేరింది, చేపలు తిన్నవాళ్ళకు జబ్బు చేసింది. పాఠం అక్కడితో అయిపోతుంది. తర్వాత ఆ సముద్రాన్ని కడిగారు. అందుకు ప్లాన్ వేశారు, లెక్కలు కట్టారు, కోర్టుకెక్కారు. ఆ కథ పాఠంలో లేదు.

ముందు ఆ సముద్రం ఎట్లా పాడయిందో కొంచెం చూద్దాం.

చిస్సో అనే ఎరువుల, రసాయనాల కంపెనీ 1908 నుంచి ఆ ఊళ్ళో ఉంది. 1932 నుంచి అసిటాల్డిహైడ్ తయారుచేయడానికి పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడింది. వ్యర్థజలాలు హ్యక్కెన్ అనే చోట అఖాతంలోకి వదిలేవాళ్ళు. ఆ చర్యలో పుట్టే మిథైల్ మెర్క్యురీ నాడీవ్యవస్థను తినేస్తుంది, తల్లి కడుపులోని బిడ్డనూ వదలదు. 1950ల మొదట్లోనే జాలరి పల్లెల్లో పిల్లులు పిచ్చెత్తి గిరగిరా తిరిగి సముద్రంలో పడి చచ్చాయి. కాకులు ఎగురుతూ ఎగురుతూ కూలిపోయాయి. చేపలు తేలాయి. పల్లెవాళ్ళు ఇవన్నీ చూశారు, చెప్పారు. వాళ్ళ మాటకు సాక్ష్యం విలువ రాలేదు. 1956 మే 1న ఆ కంపెనీ ఆసుపత్రి డైరెక్టర్ డాక్టర్ హొసొకావా హజిమె ఆరోగ్య కార్యాలయానికి రిపోర్టు చేసిన రోజునే వ్యాధి 'కనుగొన్న' రోజుగా చరిత్రలో రాసుకున్నారు.

ఎవరు వీళ్ళు? చాలామంది అమకుసా దీవుల నుంచి బతకడానికి వచ్చి పట్నం అంచుల్లో స్థిరపడ్డ పేద జాలర్లు. కొట్టుకొచ్చినవాళ్ళని చిన్నచూపు. జబ్బు మొదలయ్యాక అది అంటుకుంటుందన్న పుకారు లేచింది. వాళ్ళ ఇళ్ళకు మందు చల్లారు. కొట్లలో వాళ్ళ డబ్బులు చేత్తో ముట్టుకోకుండా పుల్లలతో తీసుకున్నారని బాధితులు చెప్పుకున్నారు. ఇక్కడొక హెచ్చరిక. జపాన్‌కు తనదైన అంటరానితనం ఉంది, బురకుమిన్‌ల చరిత్ర ఉంది. మినమాత కథను ఆ కథగా చెప్పడం తప్పు. పోలిక దొరికింది కదా అని చరిత్రను మన వైపు వంచుకోవద్దు. కానీ ఆ పుల్లల సంగతి చదివాక నాకు కాసేపు పేజీ తిరగలేదు.

ఇప్పుడు 1958. అనుమానాలు ఫ్యాక్టరీ వైపు తిరుగుతున్నాయి. ఆ సెప్టెంబరులో కంపెనీ కాలువ మార్చింది. హ్యక్కెన్ అఖాతంలో వదిలే నీళ్ళను మినమాత నది సముద్రంలో కలిసే మొగ దగ్గర వదలడం మొదలుపెట్టింది. పారే నీటిలో విషం పలచబడుతుందన్న లెక్క. మొగల సంగతి మన ఉప్పాడ, భైరవపాలెం జాలర్లను అడిగితే చెప్తారు. మొగ అంటే అన్ని వైపులా తలుపులున్న ఇల్లు. అక్కడ పడింది ఆటుపోట్లతో ఎటైనా పోతుంది. కొన్ని నెలలకే నది మొగ దగ్గరా, ఉత్తరాన వేరే ఊళ్ళలోనూ కొత్త రోగులు తేలారు. అఖాతంలో ఉన్న విషం షిరనుయి సముద్రమంతా పరుచుకుంది. 1959 చివర్లో ప్రభుత్వం చెప్పాక కాలువను మళ్ళీ పాత చోటికే తిప్పారు. ఆపలేదు, తిప్పారు.

1959లో ఇంకో మూడు సంగతులు జరిగాయి. జులైలో కుమమోతో విశ్వవిద్యాలయ పరిశోధకులు కారణం సేంద్రియ పాదరసమేనని ప్రకటించారు. హ్యక్కెన్ కాలువ దగ్గర బురదలో పాదరసం 2,010 పీపీఎం దాకా తేలింది. అక్టోబరులో డాక్టర్ హొసొకావా ఫ్యాక్టరీ వ్యర్థాన్నే మేతలో కలిపి పెట్టిన పిల్లికి, రికార్డులో 400వ నంబరు పిల్లికి, అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి తొక్కిపెట్టింది. డిసెంబరులో 'సైక్లేటర్' అనే శుద్ధి యంత్రం ప్రారంభోత్సవం చేశారు. అందులోంచి వచ్చిన నీళ్ళంటూ కంపెనీ అధ్యక్షుడు అందరి ముందూ గ్లాసెత్తి తాగాడు. ఆ యంత్రం నీటిలో కరిగిన పాదరసాన్ని తీసేందుకు చేసిందే కాదు. ఇదీ 108 కుండలే! ఆ డిసెంబరు చివర్లోనే చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 3 లక్షల యెన్‌ల చొప్పున 'సానుభూతి సొమ్ము' ఇచ్చి, రేపు ఫ్యాక్టరీయే కారణమని తేలినా ఇంకేమీ అడగం అని సంతకాలు పెట్టించుకున్నారు.

పాదరసంతో అసిటాల్డిహైడ్ తయారీ ఆగింది 1968 మేలో. ఆ సెప్టెంబరులో ప్రభుత్వం కారణం ఒప్పుకుంది. 1959కీ 1968కీ మధ్య తొమ్మిదేళ్ళు. 1973లో కుమమోతో జిల్లా కోర్టు కంపెనీదే బాధ్యత అంది, ఆ సంతకాల ఒప్పందం చెల్లదంది. తీర్పు తేదీ మార్చి 20. మన మహద్ తేదీ. యాదృచ్ఛికమే, తెలుసు. కానీ నా డైరీలో రెండూ ఒకే పేజీలో రాసుకున్నాను.

ఇక కడగడం.

1974 జనవరిలో అఖాతం మూతికి అడ్డంగా వలలు కట్టారు. లోపలి చేప బయటికి పోకూడదు. ఆ వలలు 1997 దాకా అక్కడే ఉన్నాయి, 23 ఏళ్ళు. ఏ వలతో బతికారో ఆ వలే జైలు గోడ అయింది. లోపల పట్టిన విషపు చేపల్ని డ్రమ్ముల్లో కుక్కారు.

అడుగున బురద సంగతేమిటి? సముద్రం అడుగు మొత్తం తవ్వలేరు, కాబట్టి ఎంత పాదరసం ఉంటే తీయాలి అన్న హద్దు కావాలి. జపాన్ ప్రభుత్వం 1973లో దానికి ఒక సూత్రం పెట్టింది. ఆ చోట ఆటుపోట్ల ఎత్తు ఎంత, బురదలోంచి పాదరసం నీటిలోకి ఎంత కరుగుతుంది, అక్కడ చేపలవేట ఏ రకంగా సాగుతుంది అన్నదాన్ని బట్టి ఒక భద్రతా సంఖ్య, ఈ మూడూ కలిపి లెక్క. మినమాతకు తీసుకున్న హద్దు 25 పీపీఎం. అంతకు మించిన బురద దాదాపు 209 హెక్టార్ల మేర, 15 లక్షల ఘనపు మీటర్లు ఉందని తేలింది.

విద్యార్థి మిత్రులు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. రేపు మీ ఊళ్ళో 'శుద్ధి ప్రణాళిక' అంటూ ఒక ఫైలు వస్తే అందులో మొదట వెతకాల్సింది ఈ హద్దునే. హద్దు కొంచెం పెంచితే కొన్ని కోట్లు మిగులుతాయి, కొంచెం తగ్గిస్తే ఇంకొన్ని ఎకరాలు తవ్వాలి. సూత్రంలో చేపలవేట గురించి సంఖ్య వేసేటప్పుడు వేటాడేవాడిని అడిగారా లేదా అన్నది లెక్కలో కనిపించదు.

పని రెండు రకాలుగా చేశారు. విషం బాగా పట్టిన లోపలి మూలను తవ్వలేదు. చుట్టూ ఉక్కు రేకులతో పెద్ద పెద్ద గుండ్రటి గూళ్ళు కట్టి గట్టు వేశారు, అడుగు బురదను ఉన్నచోటే ఉంచేశారు. మిగతా 151 హెక్టార్లలో బురద కలగకుండా పైపులతో పీల్చే డ్రెడ్జర్లు పెట్టి 7 లక్షల 84 వేల ఘనపు మీటర్లు తీసి ఆ గట్టు వెనక పోశారు. పైన షీటు పరిచి, అగ్నిపర్వతపు బూడిద మట్టి వేసి, దాని మీద కొండ మట్టి కప్పారు. డ్రమ్ముల్లో కుక్కిన చేపలూ ఆ మట్టి కిందికే పోయాయి. 58 హెక్టార్ల కొత్త నేల పుట్టింది. 48.5 బిలియన్ యెన్‌లు ఖర్చయ్యాయి, సగానికి పైగా కంపెనీ భరించింది.

పని 1977 అక్టోబరులో మొదలైంది. వెంటనే ఆగింది. ఆపింది రోగులూ, ఒడ్డు జనమూ. బురద కదిలిస్తే విషం మళ్ళీ లేస్తుంది, మళ్ళీ మా చేపల్లోకే వస్తుంది అని డిసెంబరులో కోర్టుకెళ్ళారు. ఇది చదివి ఆశ్చర్యపోయాను. బాగుచేస్తామంటే బాధితులే వద్దనడమేమిటి? తర్వాత అర్థమైంది. 1958లో కాలువ మార్చినప్పుడు చెప్పినవాళ్ళూ నిపుణులే. సైక్లేటర్ పెట్టినవాళ్ళూ నిపుణులే. 1980లో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది, పని మళ్ళీ మొదలై 1990 మార్చిలో ముగిసింది. న్యాయంగా చెప్పాలి: డ్రెడ్జింగ్ జాగ్రత్తగానే చేశారు, తర్వాత కొలిస్తే అడుగున అత్యధికం 12 పీపీఎం తేలింది. 1997లో గవర్నరు చేపలు క్షేమం అని ప్రకటించాడు, వలలు తీసేశారు. కోర్టుకెక్కడం వల్లే పని అంత జాగ్రత్తగా జరిగిందని నా అనుమానం. దానికి రుజువు చూపించలేను.

ఇప్పుడు నేను ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ఆ సంగతి.

ఆ 1977లోనే, తవ్వకం మొదలవడానికి మూడు నెలల ముందు, జులైలో, ఎవరిని మినమాత రోగిగా గుర్తించాలన్న దానికి ప్రభుత్వం కొత్త ప్రమాణాలు పెట్టింది. స్పర్శ పోయిందంటే చాలదు, దాంతోపాటు ఇంకో లక్షణం, ఇంకో లక్షణం కలిసి ఉండాలి. ఒకే ప్రభుత్వం రెండు హద్దులు గీసింది, ఒకటి బురదకు, ఇంకోటి మనుషులకు. బురద హద్దు దాటిన ప్రతి చోటుకూ మనుషులు వెళ్ళి, మట్టి తీసి, కొలిచి, మ్యాపు గీశారు. మనుషుల దగ్గరికి అట్లా ఎవరూ వెళ్ళలేదు. నువ్వే దరఖాస్తు పెట్టుకో, నువ్వే రుజువు చేసుకో. షిరనుయి ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ ఆరోగ్య సర్వే చేయమని బాధితులు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. కుమమోతో, కగోషిమ రాష్ట్రాల్లో కలిపి అధికారికంగా గుర్తింపు దొరికింది రెండు వేల మూడు వందల మందికి లోపే. ప్రభుత్వానికీ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు చెప్పింది 2004లో. 2023 సెప్టెంబరులో ఒసాకా జిల్లా కోర్టు 128 మంది పిటిషనర్లనూ బాధితులేనని అంది. అఖాతం శుభ్రమై అప్పటికి 33 ఏళ్ళు.

కారంచేడు మనకు కొత్త కాదు. 1985 జులైలో అక్కడ గొడవ మొదలైంది తాగే చెరువు దగ్గరే. మాదిగలు నీళ్ళు తెచ్చుకునే చెరువులో మురికి నీళ్ళు కలుస్తుంటే మున్నంగి సువార్తమ్మ అడిగింది. మర్నాడు ఊరు మీద పడి ఆరుగురిని చంపారు. మా పిల్లలకు ఈ రెండు కథలూ ఒకే వారం చెప్పాను. ఎవరి నోట్లోకి ఆ నీళ్ళు పోతాయో వాళ్ళే మొదట చూస్తారు, మొదట అడుగుతారు. కమిటీలో వాళ్ళకు కుర్చీ ఉండదు.

కొత్త నేల మీద ఇప్పుడు పెద్ద పార్కు ఉంది. గడ్డి, పూల తోటలు, ఆటస్థలాలు. సముద్రం వైపు అంచున చిన్న చిన్న రాతి బొమ్మలు ఉన్నాయి. బాధిత కుటుంబాలవాళ్ళు, వాళ్ళ మిత్రులు తమ చేతుల్తో చెక్కి పెట్టినవి. వాళ్ళలో ఒగాతా మసాతో అనే జాలరి ఉన్నాడు. తండ్రి ఆ జబ్బుతోనే పోయాడు. తనకు గుర్తింపు కావాలన్న దరఖాస్తును 1985లో తనే వెనక్కి తీసేసుకున్నాడు. మినమాత మీద గొప్ప పుస్తకం రాసిన ఇషిమురె మిచికో కూడా ఆ గుంపులో ఉండేది. ఆ బొమ్మల కింద చేపలున్నాయి, డ్రమ్ముల్లో. బురద ఉంది, పాదరసంతో సహా. పాదరసం కుళ్ళదు, కాలదు, కాలం గడిస్తే తగ్గదు. ఉక్కు రేకులు మాత్రం ఉప్పునీటికి తుప్పు పడతాయి. కుమమోతో ప్రభుత్వం ఆ గట్టును ఇప్పటికీ తనిఖీ చేస్తూనే ఉంటుంది, అదీ భూకంపాల నేలలో.

పాదరసం మీద ప్రపంచ దేశాల ఒప్పందానికి 2013లో మినమాత పేరే పెట్టారు. మన దేశం 2018లో దానికి ఆమోదం తెలిపింది.

2024 మే 1న మినమాతలో ఏటా జరిగే సంస్మరణ రోజున బాధిత సంఘాలవాళ్ళతో పర్యావరణ మంత్రి సమావేశమయ్యాడు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇచ్చారు. ఒక పెద్దాయన చనిపోయిన తన భార్య గురించి చెప్తున్నాడు. మూడు నిమిషాలు దాటాయి. మంత్రిత్వ శాఖ ఉద్యోగి మైక్ ఆపేశాడు. వారం తర్వాత మంత్రి మళ్ళీ మినమాత వచ్చి క్షమాపణ చెప్పాడు.

వచ్చే వారం కారంచేడు చెరువు దగ్గరికే పోదాం. ఆ శిబిరంలో ఉన్న పెద్దవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసి నాకు పంపండి.