మీదే వూరు?

మీదే వూరని యెవరన్నా అడిగితే చీరాల అంటాను. అడిగినవాళ్లు అక్కడితో ఆగరు. చీరాల్లో యెక్కడ అంటారు. పేట పేరు చెప్తే కులం తెలిసిపోతుంది. తెలిశాక కొందరి గొంతు మారుతుంది. నేను ప్రభుత్వ బళ్లో సోషల్ టీచర్ని. పిల్లలకి చరిత్ర చెప్పేదాన్ని. అయినా ముప్పయ్యేళ్లు దాటిందాకా ఆ వొక్క ప్రశ్నకి సగం జవాబే చెప్తూ వొచ్చాను. మిగతా సగం యిప్పుడు రాస్తున్నాను.

నేను పుట్టింది 1988లో. మా నాన్న పొగాకు కంపెనీలో బేళ్లు మోసే హమాలీ. మా అమ్మ సీజన్లో పొగాకు గ్రేడింగుకి పొయ్యేది, సీజన్ లేనప్పుడు పొలం కూలికి. సాయంత్రం అమ్మ కంటే ముందు పొగాకు ఘాటు యింట్లోకి వొచ్చేది. స్నానం చేసి చీర మార్చుకున్నదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. మా యింట్లో పదో తరగతి దాటిన మొదటిదాన్ని నేనే. డిగ్రీ చేతికొచ్చిన రోజు మా నాన్న ఆ కాయితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

చీరాలంటే నాకు ప్రేమ లేదని కాదు. పేరాల వైపు పోతే యిళ్లల్లోంచి మగ్గాల చప్పుడు. రంగులద్దిన నూలు ఆరేసిన సందులు. గడియార స్తంభం దగ్గర సాయంత్రం జనం. నాన్నకి కూలి డబ్బులు అందిన రోజు పునుగుల పొట్లం. యేడాదికి వొకటి రెండుసార్లు వాడరేవు సముద్రం. రాత్రిళ్లు మద్రాసు వైపు పొయ్యే రైలు కూత వినపడితే నాకు యిప్పటికీ నిద్ర బాగా పడుతుంది.

అదే వూళ్లో చేదు కూడా తిన్నాను. ఆరో తరగతిలో మా క్లాసు పిల్ల యింటికి నోట్సు కోసం పోతే, వాళ్లమ్మ మంచినీళ్లిచ్చిన గ్లాసుని నేను తాగాక లోపలికి తీసుకుపోలేదు. గోడ మీద పెట్టి వొదిలేసింది. ఆ పిల్ల, నేను యిద్దరం ఆ గ్లాసు వంక చూశాం. యిద్దరం యేం మాట్లాడలేదు. 2016లో ఉద్యోగం వొచ్చాక పేట బయట యిల్లు అద్దెకు వెతికాం. అడ్వాన్సు డబ్బులు చేతిలో పట్టుకుని నిలబడితే యింటాయన "మీరేవిట్లమ్మా?" అన్నాడు. చెప్పాను. "మా పెద్దమ్మాయి వొస్తుందంట, యిల్లు తనకి కావాలంట" అన్నాడు. ఆ పెద్దమ్మాయి రాలేదు. ఆ యింటికి టులెట్ బోర్డు మూడు నెలలు వేలాడింది. బడికి పోతూ రోజూ దాన్ని చూసేదాన్ని.

యిది నా వొక్కదాని గొడవ అయితే రాయాల్సిన పని లేదు. మా వూరికి రెండు చరిత్రలున్నాయి. వొకటి పాఠంలో వుంది. యింకోటి మా యింట్లో వుంది.

పాఠంలో వున్నది చీరాల–పేరాల వుద్యమం. బ్రిటిష్ ప్రభుత్వం ఆ రెండు వూళ్లనీ కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్ను అనేక రెట్లు పెరిగింది. నేతపనివాళ్లు, చిన్నాచితకా బతుకులవాళ్లు కట్టలేమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకుడయ్యాడు. శ్రీరామదండుని నడిపాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వొచ్చాడు. వూరు వొదిలిపోవటం వొక మార్గమని సూచించాడు. జనంలో ఎక్కువమంది యిళ్లు వొదిలి వూరి బయట పాకలేసుకున్నారు. దానికి రామనగరమని పేరు పెట్టారు. ఎండకి ఎండి, వానకి తడిసి సుమారు పదకొండు నెలలు అక్కడే వున్నారు. బరంపురంలో ప్రభుత్వ ఆంక్షని లెక్కచెయ్యనందుకు గోపాలకృష్ణయ్యకి యేడాది జైలు పడింది. డబ్బులు అయిపోయాయి. చివరికి జనం తిరిగి వూళ్లోకి వొచ్చారు. 1928లో ఆయన చనిపోయాడు. ఆంధ్రరత్న అని యిప్పటికీ తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. పన్ను కట్టలేనివాడి తరఫున వూరు వూరంతా లేచిపోవటం చిన్న సంగతి కాదు. ఆ పాఠం చెప్పేటప్పుడు నాకు నిజంగానే గర్వంగా వుంటుంది.

మా యింట్లో వున్న చరిత్రకి రామనగరం లేదు. మా అమ్మ పుట్టిన వూరు కారంచేడు. చీరాలకి పది కిలోమీటర్లలోపే. మా అమ్మకి 1983లో పెళ్లయి చీరాల వొచ్చింది. రెండేళ్లకి, 1985 జులై 16న, కారంచేడు మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర గొడవైంది. పెద్దకులం కుర్రాళ్లు గేదెల కుడితి బక్కెట్ల మురికిని తాగేనీళ్లలో కలుపుతుంటే మావాడొకడు అదేందన్నాడు. కొట్టారు. నీళ్లకొచ్చిన మా ఆడమనిషి అడ్డం పోయి, తన మీదకి వొస్తే చేతిలో బిందె యెత్తింది. అంతే జరిగింది. తాగే నీళ్లు పాడు చెయ్యొద్దనటం, దెబ్బ పడకుండా బిందె యెత్తటం. మర్నాడు, జులై 17 పొద్దున, వందలమంది కర్రలు, గొడ్డళ్లు, బరిసెలు పట్టుకుని పల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు. పొలాల్లో తరిమి తరిమి చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు.

మా అమ్మమ్మ పొలాలకడ్డం పడి చీరాల పరుగెత్తింది. మా చిన్నమామ చంకలో వున్నాడు. చెప్పులు లేవు. చర్చి ఆవరణలో జనం చేరారు. అక్కడే శిబిరం వెలిసింది. మా అమ్మ గంజి కాచుకుని తీసుకుపోయి "మా యింటికి రామ్మా" అని యేడ్చిందంట. మా అమ్మమ్మ కదల్లేదంట. "అందరం కలిసొచ్చాం. అందరం వొకచోటే వుంటాం" అందంట. ఆ శిబిరంలోంచే దళిత మహాసభ లేచింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలబడ్డారు. కారంచేడుకి తిరిగి పోం, మాకు యిక్కడే యిళ్లు కట్టించమని జనం పట్టుబట్టారు. చీరాల్లో విజయనగర్ కాలనీ అట్లా వొచ్చింది.

1921లో చీరాల జనం పన్ను కట్టలేక వూరు వొదిలారు. 1985లో మావాళ్లు ప్రాణం దక్కక వూరు వొదిలారు. వాళ్లు పదకొండు నెలలకి తమ గుమ్మాల్లోకి తిరిగొచ్చారు. మావాళ్లు తిరిగి పోలేదు. యీ రెండు వలసలూ వొకే వూరి చరిత్ర. వొకటి వూళ్లోంచి బయటికి పోయింది, యింకోటి వూళ్లోకి వొచ్చింది. అయినా నేను బళ్లో చదువుకున్నన్నాళ్లూ మొదటిది ప్రతి పరీక్షలో రాశాను. రెండోది వొక్కసారి కూడా యెవరూ అడగలేదు.

మావాళ్ల వల్ల దేశానికి వొచ్చిందేమీ లేదా? కారంచేడు తర్వాత రేగిన ఆందోళనల వేడి కూడా తగిలే 1989లో ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం వొచ్చింది. 1990 జనవరి 30 నించి అమల్లోకి వొచ్చింది. చట్టం వొచ్చిన యేడాదిన్నరకే, 1991 ఆగస్టు 6న, మా రైలుదారిలోనే తెనాలికీ బాపట్లకీ నడుమనున్న చుండూరులో యెనిమిదిమందిని చంపారు. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వొదిలేసింది. డిగ్రీ చదివే రోజుల్లో తెనాలి పోతూ చుండూరు స్టేషన్ వొస్తే నేను కిటికీ వైపు తల తిప్పుకునేదాన్ని కాదు. యెందుకో భయం వేసేది.

కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబర్ 19న వొచ్చింది. ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరికొందరికి మూడేళ్లు. పేపరు మా అమ్మమ్మకి చదివి వినిపించాను. మొత్తం విని, "యెన్నేళ్లయిందే?" అంది. యిరవై మూడన్నాను. "ఆ రోజు కడుపులో వున్న పిల్లకి యీపాటికి పెళ్లయి పిల్లలు పుట్టుంటారు" అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

అయితే మా అమ్మమ్మకి కారంచేడంటే కోపం మాత్రమే వుందనుకుంటే పొరపాటు. అదే నాకు అర్థమయ్యేది కాదు. చచ్చిపొయ్యేదాకా "మా వూళ్లో" అంటే కారంచేడే. "మా వూళ్లో మినుములు", "మా వూళ్లో చింతచిగురు", "ఆ చెరువు నీళ్లతో వొండితే అన్నం మల్లెపువ్వే" అనేది. యే నీళ్ల దగ్గర మావాళ్ల నెత్తురు మొదలైందో ఆ నీళ్ల రుచి చెప్పుకునేది. "వాళ్లు చేసిందానికి నీళ్లేం చేశాయే?" అనేది. వొక్కసారి తీసుకుపోనా అంటే మాత్రం వొద్దనేది. 2011లో పోయింది. చీరాల్లోనే మట్టి చేశాం.

2019 ఏప్రిల్ 11 ఎన్నికల్లో నాకు కారంచేడులో డ్యూటీ పడింది. ముందురోజు సాయంత్రం మెటీరియల్ తీసుకుని బస్సు దిగాం. మా అమ్మ వూళ్లో నేను మొదటిసారి అడుగు పెట్టింది ఓటింగ్ మిషన్ పెట్టె మోసుకుంటూ. రాత్రి బడి గదిలోనే పడుకున్నాం. పొద్దున పోలింగ్ బాగా నడిచింది. మధ్యాన్నం యెండలో వొక పెద్దాయన మాకందరికీ మజ్జిగ పంపించాడు. ఆయనే వొచ్చి పలకరించాడు. మంచి మనిషి. నా వంక చూసి "మీదే వూరమ్మా టీచరుగారూ?" అన్నాడు.

"చీరాలండీ" అన్నాను.

"మాకు దగ్గరేగా" అన్నాడు.

"అవునండీ" అన్నాను. మజ్జిగ తాగాను. గ్లాసు బల్ల మీద పెట్టాను. ఆయనే గ్లాసులన్నీ తీసుకుని పోయాడు. మా అమ్మది యీ వూరే అని నా నోట రాలేదు. ఆయన యేమన్నా అంటాడని కాదు. ఆయన మంచిగా వున్నాడు గదా, యెందుకు పాడుచెయ్యటం అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు ఆ రాత్రి తిరిగొచ్చే బస్సులో నామీద నాకే రోతేసింది. నా అమ్మ వూరి పేరు చెప్తే మజ్జిగ పాడవుతుందని నాకు యెవరు నేర్పారు?

యింటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ తిట్టలేదు. "పల్లె వైపు పోయావా?" అంది. పోలేదన్నాను. "పోవాల్సింది" అంది. అంతే.

తర్వాత కొన్నాళ్లకి పదో తరగతిలో సహాయ నిరాకరణ పాఠం చెప్తూ చీరాల–పేరాల దగ్గరికి వొచ్చాను. వూరు వొదలటం, రామనగరం, పదకొండు నెలలు. చివరి బెంచీలోంచి వొక పిల్ల లేచింది. "టీచర్, మా తాతోళ్లు కూడా వూరొదిలేసి వొచ్చారంట గదా. అది పాఠంలో లేదేంది?" అంది. కాలనీ పిల్ల. క్లాసులో సగంమంది నవ్వారు. ఆ పిల్ల కూచోలేదు. నా వంకే చూస్తా నిలబడింది.

ఆ క్లాసులో అన్ని కులాల పిల్లలున్నారు. కారంచేడు వైపు చుట్టాలున్న రైతుల పిల్లలు కూడా వున్నారు. చెప్పొచ్చా కూడదా అని అర నిమిషం ఆలోచించాను. తర్వాత బోర్డు మీద 1921 పక్కన 1985 అని రాశాను. గంట కొట్టినదాకా చెప్పాను. యెవర్నీ తిట్టలేదు. చెరువు, బిందె, ఆరుగురు, శిబిరం, చట్టం, తీర్పు. తేదీలతో సహా చెప్పాను. మా అమ్మమ్మ పరుగెత్తిందని కూడా చెప్పాను. నవ్విన పిల్లలు నోట్సులో రాసుకున్నారు.

రెండ్రోజులకి వొక తండ్రి బడికొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "పాతయ్యన్నీ పిల్లలకి యెందుకండీ టీచరుగారూ, అందరూ కలిసుండే టయాన?" అన్నాడు.

"1921 యింకా పాతదండీ. అది చెప్పొచ్చా?" అన్నాను.

ఆయన కాసేపు నేల చూశాడు. "సర్లెండి" అని బండి తీసుకుని వెళ్లిపోయాడు. వాళ్ల పిల్లాడు మర్నాడు మామూలుగానే బడికొచ్చాడు.

మా వూరు కదల్లేదు గానీ దాని పై పేర్లు మారుతూనే వున్నాయి. 1970 దాకా గుంటూరు జిల్లా. తర్వాత ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం అని పేరు. 2022 ఏప్రిల్ నించి బాపట్ల జిల్లా. పిల్లలతో యివన్నీ బట్టీ పట్టిస్తాం. జిల్లా పేరు మారితే పుస్తకంలో వెంటనే దిద్దుతాం. మనుషుల సంగతి దిద్దటానికి మాత్రం యెవరో వొక పిల్ల లేచి నిలబడి అడగాల్సొచ్చింది.

నాకు చీరాల మీద ప్రేమా పోలేదు, కోపమూ పోలేదు. మా అమ్మమ్మకి నీడనిచ్చిన వూరది. నాకు అద్దెకి యిల్లివ్వని వూరూ అదే. రెండూ నిజమే. వొకటి చెప్పి యింకోటి దాచటం మాత్రం నేను మానుకున్నాను.

మొన్న కొత్తగా బదిలీ అయి వొచ్చిన టీచరమ్మ స్టాఫ్ రూములో అడిగింది, మీదే వూరని.

"చీరాలండీ. మా అమ్మది కారంచేడు. మాదిగపల్లె" అన్నాను.