తహసీల్దారు మాటకు వేరు ఎక్కడుంది?

మా బేటీ ఇంటర్ చదువుతోంది. మొన్న వరండాలో కూర్చుని ఇంగ్లీషు మాటలు వల్లె వేస్తుంటే విన్నాను. లాటిన్‌లో 'పోర్తారె' అంటే మోయడం. దాన్నుంచే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్. ఒక్క వేరు పట్టుకుంటే పది మాటలు హాసిల్ అవుతాయట.

"మన జబాన్‌లో ఇలాంటిది లేదా అబ్బా?" అంది.

ఎందుకు లేదు బేటీ! అరబ్బీలో చాలా మాటలకు మూడు హరఫుల వేరుంటుంది. దాన్నే మాద్దా అంటాం. హే, స్వాద్, లామ్ తీసుకో. హాసిల్ అంటే దొరికింది. మహసూల్ అంటే రాబడి, పన్ను. తహసీల్ అంటే వసూలు చేయడం. దానికి ఫార్సీ 'దార్' చేరితే తహసీల్దార్. మన రైతు పంట ఇంటికి చేర్చి 'మాసూలు అయింది' అంటాడే, అదీ ఆ మహసూలే. పన్ను మాట తెలుగు నేల మీద పంట మాటయింది.

ఇంకొకటి: జీమ్, మీమ్, ఐన్. జమా, జమాబందీ, జమాత్, జుమా. లెక్కలు కూడినా, మనుషులు కూడినా వేరు ఒకటే.

ఈ మాటలు మన సీమ కచేరీల్లో ఎలా నిలిచాయి? 1776లో గుత్తి ఖిల్లా మురారిరావు చేతినుంచి హైదర్ అలీకి పోయింది. టిప్పు షహీద్ అయ్యాక ఈ ఇలాకా నిజాంకు, 1800లో నిజాం నుంచి కంపెనీకి వచ్చింది. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైత్వారీ పెట్టాడు. హుకూమత్ మారింది, దఫ్తర్ మాటలు మారలేదు. తహసీల్దారు, జమాబందీ అలాగే ఉండిపోయాయి. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మన్రోను మొదట మన గుత్తిలోనే దఫన్ చేశారు. కడపలో పనిచేసిన బ్రౌన్ దొరైతే తెలుగులో కలిసిన ఇలాంటి మాటలకు 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే అచ్చు వేయించాడు.

ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి వెళ్లిన రోజుల్లో ఒక అయ్యవారు నాతో "నీ తెలుగులో తురకమాటలు ఎక్కువ" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన చేతిలో ఉన్నది హాజరుపట్టీ! హాజరు, హుజూర్, హజ్రత్ మూడూ ఒకే మాద్దా. ఆ రోజు నాకది తెలియదు, తల వంచుకుని కూర్చున్నాను.

మన పిల్లలు అలా కూర్చోకూడదు. లాటిన్ వేర్లు నేర్చుకోనివ్వండి, మంచిదే. దాంతోపాటు రోజుకొక మాద్దా ఇంట్లో చెప్పండి. చదువు సంపాదించడాన్ని మన పెద్దలు 'తహసీలె ఇల్మ్' అనేవారు. తహసీల్దారులో ఉన్న తహసీలే అది.