కొట్టు మీద మేడ

ఆ కర్రలు కాస్త లోపలికి తొయ్యండర్రా గుంటలూ, పొగొస్తంది. పాత మేడ సంగతి కదా అడిగారు?

మన శృంగవరపుకోట బజారులో వర్తకుల ఇళ్లకి అదే పద్ధతి. వీధివైపు కొట్టు, వెనక కాపురం, పైన మేడ. ముందు సరుక్కి చోటు చూసుకుని, మిగిలినదాంట్లో మనుషులు సర్దుకునీవారు.

మా తాత కట్టించినప్పుడు సిమెంటేదీ? గుల్లసున్నం, ఇసక కలిపి ఎడ్లగానుగలో తిప్పీవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసీవారు. ఆ గోడకి మేకు కొడితే మేకే వంగీది. పైకప్పు మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి, ఏటవాలు వరసల్లో పేర్చి, పైన సున్నం వేసి ఆడకూలీలు చెక్కబడితెలతో రోజుల తరబడి కొట్టీవారు. టేకు బర్మాది, రంగంలో, అదే రంగూన్‌లో, ఓడెక్కి వచ్చీది. 1942లో రంగం జపానువాళ్ల చేతికి చిక్కాక కర్ర ఆగిపోయింది. అందుకే ముందు సగం మేడ, వెనక సగం పెంకుటిల్లు. చూసినోళ్లు డబ్బు చాల్లేదనుకునీవారు. చాల్లేదు కూడాను, అది వేరే సంగతి.

కొట్టుకి పలకల తలుపు. గుమ్మానికి పైనా కిందా గాడి, ఒక్కో పలకా అందులోకి జరిపి, చివర ఇనపపట్టా అడ్డంగా వేసి తాళంకప్ప బిగించీవారు. పలకల వెనక అంకెలు చెక్కి ఉండీవి. వరస తప్పితే పట్టవు. మా బాబాయి దాని మీద రోజూ తిట్లు తినీవాడు.

సంతనాడు అనంతగిరివైపు నుంచి కొండవాళ్లు కావిళ్లలో పసుపు, చింతపండు, అడ్డాకులు దించీవారు. ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు పట్టుకెళ్లీవారు. పసుపుకి చెమ్మ తగలకూడదు కదా, దానికి మేడ మీద గాలాడే గది. మాకు వంటింటి పక్క చీకటిగది! ఆ మేడ నేలలో మూరెడు చదరం కన్నం, దానికి చెక్కమూత ఉండీది. బస్తాలు తాడేసి పైకి లాగడానికి పెట్టింది. మా నాయనమ్మ ఆ మూత ఓరగా తీసి కింద బేరాలు వినీది. తాత తూకం తేలిగ్గా వేస్తున్నాడని తోస్తే పైనుంచి దగ్గీది. రెండోసారి దగ్గిందంటే తాత కిక్కురుమనకుండా ఇంకో దోసెడు ఉప్పు పోసీవాడు. కొండవాళ్లకీ ఆ దగ్గు తెలుసు. బేరం కుదరకపోతే తలెత్తి కప్పుకేసి చూసీవారు.

మన పెద్దాడు లండన్ నుంచి ఫొటోలు పంపాడు. జార్జి రాజుల నాటి ఇళ్లట, 1714 నుంచి 1830 దాకా కట్టినవి. అక్కడా కింద కొట్టు, పైన కాపురం. కొన్నింటికి కిటికీలు ఇటుకలతో పూడ్చేసి ఉన్నాయి. కిటికీలు లెక్కెట్టి పన్నేసీవారట, 1851 దాకా. మా మేడకీ వీధివైపు రెండే కిటికీలు. పన్ను కాదర్రా, మా తాతకి దొంగల భయం.

1960ల్లో కొత్తవలస నుంచి కిరండోల్‌కి రైలుపట్టాలు పడ్డాయి, లారీలూ పెరిగాయి. కొండసరుకు మా అరుగెక్కడం తగ్గింది. ఇప్పుడా కొట్లో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, ఇనప షట్టరు పెట్టుకున్నారు. పలకలన్నీ అటకెక్కాయి. ఏడో నంబరు మాత్రం డాబా మీదుంది, మీ అత్త దాని మీద వడియాలు పెడతంది.