సాగరగర్భాన విజయపురి

బడులకు వేసవి సెలవులు ఇచ్చినారనగానే ప్రతి ఇంటిలోను ఒకే ప్రశ్న బయలుదేరుతుంది: ఈసారి ఎక్కడికి? పిల్లలు ఆడుకొనే చోటు కావాలంటారు. పెద్దవారు పుణ్యనది ఉన్న చోటు మంచిదంటారు. ఖర్చు భరించవలసిన నడివయసువారు దగ్గర ఊరైతే చాలునంటారు. మా ఇంటిలో ఈ మూడు కోరికలకు సంధి కుదిరిన స్థలం నాగార్జునసాగరం. పిల్లలకు అక్కడ బుద్ధవనం ఉన్నది. చరిత్రమీద మక్కువ గల నాకు నాగార్జునకొండ మ్యూజియం ఉన్నది. మా అమ్మగారికి కృష్ణమ్మ ఉన్నది. సామాను సర్దవలసిన భారం మాత్రం యథాప్రకారం నా శ్రీమతిమీదనే పడినది. ఆ రెండు రోజులలో మేము చూచిన వాటి వెనుకనున్న కథను శ్రోతలతో ముచ్చటించవలెనని నా కోరిక.

కుడిగట్టున విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కినాము. ముప్పావుగంట ప్రయాణం. చుట్టూ నీరు, దూరాన కొండలు. మ్యూజియం ఉన్న ద్వీపం కనబడగానే పిల్లలు కేరింతలు కొట్టినారు. కాని అది పుట్టుకచేత ద్వీపం కాదు. ఒక కొండ నెత్తి మాత్రమే నీటిపై మిగిలినది. దానిమీద మధ్యయుగాలనాటి కోటగోడలు కూడ ఉన్నవి. ఆ కొండ దిగువన ఒకప్పుడు ఒక లోయ ఉండెడిది. మూడువైపుల నల్లమల శాఖలైన కొండలు, నాలుగవవైపు కృష్ణానది. కోటకు గోడలు, కందకం వలె ప్రకృతియే కట్టి ఇచ్చిన రక్షణ. ఆ లోయలోనే విజయపురి వెలసినది.

క్రీస్తుశకం మూడవ శతాబ్దిలో శాతవాహనుల ప్రాభవం అంతరించిన పిదప కృష్ణాతీరాన్ని ఇక్ష్వాకులు ఏలినారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, ఆయన కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల శాంతమూలుడు, ఆపైన రుద్రపురుషదత్తుడు. వీరి పాలన దాదాపు ఒక శతాబ్దకాలం సాగినది. శాంతమూలుడు వైదిక ధర్మాభిమాని, మహాసేనుని భక్తుడు, అశ్వమేధం చేసిన రాజు. ఆయన ఇంటి ఆడుబిడ్డలు మాత్రం బౌద్ధసంఘానికి పోషకులు. ఒకే ఇంటిలో ఒకరు యజ్ఞగుండానికి, మరొకరు చైత్యానికి ధనం వెచ్చించినారు. ఇల్లు చీలలేదు, రాజ్యమూ చీలలేదు.

ఆ స్త్రీలలో మొదట చెప్పవలసిన పేరు శాంతిశ్రీ. ఈమె శాంతమూలుని తోబుట్టువు. వీరపురుషదత్తుని పాలనలో ఆరవ సంవత్సరాన మహాచైత్యానికి ఈమె స్తంభాలు ఎత్తించినది. ఆ తరువాత వేయించిన మరొక శాసనంలో ఆ రాజునే తన అల్లుడని చెప్పుకొన్నది. అనగా మేనత్త తన కూతురిని మేనల్లునికి ఇచ్చినది! ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో చెక్కిన ఆ రాతి పంక్తులలో మన ఇండ్ల మేనరికం ఇంత స్పష్టంగా పలికినది. ఈ మాట చెప్పగానే మా అమ్మగారు, "అయితే మనవాళ్ళే నాయనా" అన్నారు. పండితులు పది పుటలలో నిరూపించే సంగతిని ఆమె ఒక్క మాటలో తేల్చివేసినారు.

విజయపురికి బంధువులు ఇంకా దూరాలనుండి కూడ వచ్చినారు. రాణి రుద్రధర భట్టారిక ఉజ్జయినీ మహారాజు కుమార్తె. బోధిశ్రీ అనే ఉపాసిక చైత్యగృహం కట్టించి సింహళదేశపు భిక్షువులకు అంకితమిచ్చినది. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి మొదలైన దేశాల పేర్లు వరుసగా వినవస్తవి. రోమక సామ్రాజ్యపు బంగారు నాణెములు కూడ ఈ లోయలో దొరికినవి. ముప్పదికి మించిన బౌద్ధ కట్టడాలు, వాటి నడుమ బ్రాహ్మణమతానికి చెందిన ఆలయాలు, నదికి దిగే రాతిమెట్ల స్నానఘట్టం, ఆటపాటలకు రంగస్థలం. ఇంతటి నగరం క్రమంగా మరుగునపడి, పొలాలక్రింద ఇటుకల దిబ్బగా మిగిలినది. తరువాతి తరాలకు ఆచార్య నాగార్జునుని పేరుతో కొండ ఒక్కటే గుర్తున్నది.

1926వ సంవత్సరంలో మద్రాసు శాసనశాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి గారు ఇక్కడి శిథిలాలను లోకానికి తెలియజేసినారు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొర, 1938లో టి. ఎన్. రామచంద్రన్ గారు త్రవ్వకాలు సాగించినారు. మహాచైత్యం పునాది బండిచక్రం ఆకారంలో, ఆకులతో సహా బయటపడినది. అందులో బంగారు భరిణెలో భద్రపరచిన చిన్న అస్థిధాతువు లభించినది. ఇంకా త్రవ్వవలసినది ఎంతో మిగిలి ఉండగానే కాలం ఎదురు తిరిగినది.

ఎదురు తిరిగినదనుట నా మాట. మా అమ్మగారు అట్లా అనరు. ఆమె పల్నాటి ఆడుబిడ్డ. కృష్ణకు బెజవాడవద్ద 1855లో ఆనకట్ట కట్టినందున దిగువ డెల్టా పచ్చబడినది. మెట్టప్రాంతమైన పల్నాడుకు మాత్రం నది పక్కనే పారుచున్నను ప్రయోజనం లేకపోయినది. పల్నాటి జొన్నకూటిని శ్రీనాథుడు ఎగతాళి చేసినాడని చెప్పుకొనే చాటువులు అందరకు తెలిసినవే. అమ్మగారి చిన్ననాటికి కూడ ఆ స్థితి పూర్తిగా మారలేదు. ఇంటిలో జొన్న, సజ్జ నిత్యం. వరియన్నం పండుగలకు, చుట్టాలకు.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ గారు నందికొండవద్ద జలాశయానికి శంకుస్థాపన చేసినారు. ఆనకట్ట పూర్తి అయితే విజయపురి లోయ అంతయు మునుగుట తథ్యం. నీరా, నగరమా? అన్నమా, చరిత్రయా? దేశం నీటినే ఎన్నుకొన్నది. అయితే నగరాన్ని ఊరక విడిచిపెట్టలేదు. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తుశాఖ లోయనంతటిని శోధించినది. ఇక్ష్వాకుల నగరమే కాక, ప్రాచీన శిలాయుగంనుండి మానవుడు అక్కడ వసించిన జాడలు దొరికినవి. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొన్నిటిని కొండమీదికి, మరికొన్నిటిని కుడిగట్టున అనుపు అనే చోటికి చేర్చి మరల నిలబెట్టినారు. ఈజిప్టులో అబూసింబెల్ ఆలయాలను 1964, 1968 సంవత్సరాల మధ్య నైలునది నీటినుండి పైకి తరలించిన వార్త లోకమంతట మారుమ్రోగినది. మన కృష్ణాతీరంలో జరిగిన ఈ పని మన పిల్లలకే సరిగా తెలియదు.

1966లో కొండమీద మ్యూజియం ఏర్పడినది. బౌద్ధవిహారపు పోలికలో కట్టిన ఆ భవనంలో పల్నాటి సున్నపురాతిపై చెక్కిన బుద్ధచరిత్ర, జాతకకథలు, శాసనస్తంభాలు, నిలువెత్తు బుద్ధవిగ్రహం ఉన్నవి. అన్నిటికంటె మా అమ్మాయిని ఎక్కువసేపు నిలిపినది శిల్పం కాదు, మునిగిన లోయ నమూనా. బల్లమీద పరచినట్లున్న ఆ చిన్న కొండలను, కట్టడాలను చూచి, "నాన్నగారూ, మనమిప్పుడు ఇందులో ఎక్కడ ఉన్నాము?" అని అడిగినది. కొండశిఖరాన్ని వ్రేలితో చూపించినాను. "మరి మనం లాంచీలో వచ్చినది?" వ్రేలు లోయమీదుగా గాలిలో జరిపినాను. పిల్ల కొంతసేపు మాటలాడలేదు. నగరంమీదుగా పడవలో వచ్చినామని అప్పుడు తెలిసినది.

మరునాడు అనుపులో రంగస్థలం చూచినాము. సుమారు 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు గల ఆటస్థలం. నాలుగువైపుల రాతిమెట్ల ఆసనాలు. శబ్దంతో బ్రతికేవాడను కనుక నా పరీక్ష నేను చేసుకొన్నాను. నడుమ నిలిచి మెల్లగా చప్పట్లు కొట్టినాను. పై మెట్టున కూర్చున్న అమ్మగారు వినిపించినదని చేయి ఊపినారు. ఈ రాళ్ళు కదలివచ్చినవి. పేర్చిన క్రమం పాతదే. గాలి మాత్రం కొత్తది. పుట్టినచోట లేని కట్టడాన్ని నిజమైనదనవచ్చునా అను సందేహం నన్ను ఇక్కడనే పట్టుకొన్నది.

ఆ సందేహంతోనే ఎడమగట్టుకు దాటి బుద్ధవనంలో అడుగుపెట్టినాను. 2014లో రాష్ట్రం రెండైన తరువాత మ్యూజియం ఆంధ్రప్రదేశ్ వైపు, బుద్ధవనం తెలంగాణ వైపు ఉన్నవి. నది మాత్రం ఒకటే. ఒక కథను ఆధారం చేసుకొని తోటను, భవనాలను, బొమ్మలను అమర్చే ఇతివృత్త ఉద్యానాల ప్రసిద్ధికి ముఖ్యకారణం అమెరికాలోని డిస్నీల్యాండ్. అది తెరచినది 1955 జూలైలో; మన జలాశయానికి శంకుస్థాపన జరిగిన సంవత్సరంలోనే. 2022 మే 14న ప్రారంభమైన బుద్ధవనం 274 ఎకరాలలో విస్తరించినది. బుద్ధచరితవనం, నలుబది జాతకకథల శిల్పాలు గల జాతకవనం, వివిధ దేశాల స్తూపాల చిన్న నమూనాలు, ధ్యానవనం; నడుమ అమరావతి స్తూపం పోలికలో 42 మీటర్ల వ్యాసం, 21 మీటర్ల ఎత్తు గల మహాస్తూపం.

అన్నియు నకళ్ళే కదా అని మొదట పెదవి విరిచినాను. స్తూపం ఎదుట నిలిచిన తరువాత నా అభిప్రాయం కొంత మార్చుకొనవలసి వచ్చినది. అసలు అమరావతి స్తూపం ఎక్కడ ఉన్నది? పద్దెనిమిదవ శతాబ్ది చివర రాళ్ళకోసం దిబ్బను త్రవ్వినారు. మిగిలిన శిల్పఫలకాలలో అనేకం చెన్నపట్టణపు మ్యూజియానికి, లండను బ్రిటిష్ మ్యూజియానికి చేరినవి. అమరావతిలో నేడు కనిపించేది పునాది. అసలైన రాళ్ళలో అనేకం చూడవలెనంటే చెన్నపట్టణమో, లండనో పోవలె. స్తూపం ఎంత ఉండెడిదో చూడవలెనంటే ఈ నకలే గతి. మా అబ్బాయి నాగార్జునకొండ గాజుపెట్టెల ముందు రెండు నిమిషాలు నిలువనివాడు, జాతకవనంలో బొమ్మలను ఒక్కొక్కటిగా చూచి కథ చెప్పుమన్నాడు. నకలు తలుపు తెరచినది. ఆ తలుపుద్వారా అసలు దగ్గరకు తీసికొనిపోవుట తలిదండ్రుల పని. నకలునే అసలని నమ్మించినప్పుడు మాత్రం అది మోసమవుతుంది.

ఒక లోపం మాత్రం నన్ను ఇప్పటికిని విడువలేదు. విజయపురి రాళ్ళు కొండ ఎక్కినవి. వాటికి చోటు, పేరు, పలక దొరికినవి. అదే లోయలో పుల్లారెడ్డిగూడెం వంటి సజీవగ్రామాలు కూడ ఉండెడివి. అక్కడివారు పొయ్యిరాళ్ళు, దూలాలు, పశువులు తీసికొని వెడలిపోయినారు. వారు దున్నిన భూమి, నూతిగట్టు, అమ్మవారి గుడి నీటిలో కలిసినవి. వారి కథను చూపే గదిని మేము చూచిన ఏ చోటను కనుగొనలేదు. మూడవ శతాబ్దిలో శాంతిశ్రీ ఎవరికి అత్తగారో మనకు తెలియును. ఇరువదవ శతాబ్దిలో ఆ లోయ విడిచిన గృహిణి పేరు మనకు తెలియదు.

తిరుగుప్రయాణంలో కుడికాలువ వంతెనవద్ద అమ్మగారు కారు ఆపుమన్నారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు విడుదల చేసినారు. కుడికాలువకు జవహర్ పేరు, ఎడమకాలువకు లాల్ బహదూర్ పేరు. ఆ నీరు తమ ఊరి పిల్లకాలువలోకి వచ్చిన తొలినాడు ఆడువారందరు పసుపు కుంకుమలతో ఎదురేగినారని ఆమె చెప్పినారు. తరువాత పొలంలో వరి నాటినారు. ఇంటిలో పండుగ కాని రోజున అన్నం వండినారు. ఇన్నేండ్లు ఈ కథ నేను విననేలేదు. నేను అడుగనూ లేదు. "ఆ నీటి అడుగున ఒక ఊరున్నదని మాకెవరు చెప్పినారు నాయనా? తెలిసి ఉంటే వాళ్ళ పేర కూడ ఒక దండం పెట్టుకొనేవాళ్ళము" అని వంతెనమీద నిలిచి చేతులు జోడించినారు. పిల్లలు కూడ జోడించినారు.

సెలవులలో అటు వెళ్ళదలచినవారికి ఒక సూచన. శుక్రవారం మ్యూజియం మూసి ఉంచుతారు. ఆ రోజు తప్పించండి. ముందుగా కొండ, తరువాత అనుపు, చివరకు బుద్ధవనం చూపించండి. ఏది అసలు, ఏది తరలినది, ఏది నకలు అన్న సంగతి పిల్లలకు విడమరచి చెప్పండి. ఇంటిలో పెద్దవారుంటే వెంట తీసికొనిపోండి. ఏ పలకమీదను వ్రాయని చరిత్ర వారిలో కొంత ఉండును. అడిగినవారికి చెప్పుతారు.