పైథాన్ యూనిట్‌టెస్ట్‌లో పేర్ల చిక్కు

పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ లైబ్రరీలోని మెథడ్ల పేర్లు పైథాన్ పేర్లలా కనిపించవు. ఆ భాషలో సాధారణంగా మెథడ్ల పేర్లు చిన్న అక్షరాల్లో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో ఉంటాయి. ఇక్కడి ‘సెటప్’, ‘టియర్‌డౌన్’, ‘అసర్ట్ ఈక్వల్’ పేర్లలో మాత్రం పదాలు అతుక్కుపోయి, మధ్యలో పెద్ద అక్షరం వస్తుంది. ఇది పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. కెంట్ బెక్ స్మాల్‌టాక్ భాష కోసం రూపొందించిన పరీక్షా పద్ధతిని 1994లో ప్రచురించాడు. 1997లో ఆయన, ఎరిక్ గామా కలిసి జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో అదే పద్ధతిని జావాలో రాయడం మొదలుపెట్టారు. అదే జేయూనిట్. దాని నమూనాలో స్టీవ్ పర్సెల్ చేసిన పైయూనిట్, 2001లో పైథాన్ 2.1తో ప్రామాణిక లైబ్రరీలో చేరింది. జావా పేర్లూ వెంటే వచ్చాయి.

ఒక పనికి ఒకే స్పష్టమైన దారి ఉండాలని చెప్పుకునే భాషలో, రెండు విలువలు సమానమో కాదో చూడడానికి మూడు పేర్లుండేవి: ‘అసర్ట్ ఈక్వల్’, చివర ‘ఎస్’ చేరిన ‘అసర్ట్ ఈక్వల్స్’, ‘ఫెయిల్ అన్‌లెస్ ఈక్వల్’. మూడూ చేసేది ఒకటే. ‘ఫెయిల్’తో మొదలయ్యే పేర్లను వాడవద్దని 2009లో 3.1 వెర్షన్ హెచ్చరించింది. ‘ఎస్’ ఉన్న రూపానికి 2011లో 3.2తో అదే గతి పట్టింది. అయినా ఇవన్నీ పూర్తిగా తొలగిపోయింది 2023లో, 3.12తోనే. లక్షల టెస్టుల్లో పాతుకుపోయిన పేరును పీకడం అంత తేలిక కాదు.

పేరు మార్చినంత మాత్రాన గందరగోళం పోదు. వరుసతో పనిలేకుండా రెండు జాబితాల్లో అవే అంశాలున్నాయా అని చూసే మెథడ్‌కు 2.7లో ‘అసర్ట్ ఐటమ్స్ ఈక్వల్’ అని పేరు. 3.2లో అది ‘అసర్ట్ కౌంట్ ఈక్వల్’ అయింది. ఈ పేరు చూస్తే రెండు జాబితాల పొడవును మాత్రమే పోలుస్తుందనిపిస్తుంది. నిజానికి ప్రతి అంశం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి పోలుస్తుంది. 1, 1, 2 ఉన్న జాబితాను 1, 2, 2 ఉన్న జాబితాతో పోలిస్తే, పొడవు సమానమైనా టెస్టు ఫెయిలవుతుంది. పాత పేరే నయం.

అసలు ప్రమాదం, టెస్టుల్లో నిజమైన వస్తువుకు బదులు వాడే నకిలీని తయారుచేసే మాక్‌తో వచ్చింది. 2012లో 3.3తో చేరిన ఈ భాగం అండర్‌స్కోర్ పద్ధతినే పాటించింది. దాంతో ఒకే టెస్టు ఫైలులో రెండు శైలులు పక్కపక్కన చేరాయి. అది చిన్న చికాకే. మాక్ వస్తువు మాత్రం ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది. ‘అసర్ట్ కాల్డ్ వన్స్ విత్’ అనే మెథడ్ ఉంది కాబట్టి ‘అసర్ట్ కాల్డ్ వన్స్’ కూడా ఉంటుందని చాలామంది అనుకున్నారు. అప్పటికి అది లేదు. అయినా ఎర్రర్ రాలేదు, ఏ తనిఖీ జరగకుండానే టెస్టు పాసయింది. 2015లో 3.5 వెర్షన్, ‘అసర్ట్’తో మొదలయ్యే లేని పేర్లకు ఎర్రర్ ఇవ్వడం మొదలుపెట్టింది. అక్షరాలు తారుమారైన ‘అస్రెట్’నూ ఆ జాబితాలో చేర్చింది. అందరూ కోరుకున్న ‘అసర్ట్ కాల్డ్ వన్స్’ 2016లో 3.6తో నిజంగానే వచ్చింది. 3.10లో మరికొన్ని అక్షరదోషాలు ఆ నిషేధంలో చేరాయి.

దొర్లగల తప్పులన్నిటినీ ఇలా జాబితా కట్టడం ఎప్పటికీ తెమలదు. మాక్ తయారుచేసేటప్పుడు ఆటోస్పెక్ వాడడమే మేలు: అసలు వస్తువులో లేని పేరును పిలిస్తే అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది.